వంటగట్టు వెనక సందులో వైట్ సిమెంట్ కొట్టడం ఆపాలి

ఎడిటర్ గారికి నమస్కారం.

హైదరాబాద్‌లో ఇప్పుడు కడుతున్న ఫ్లాట్లలో వంటింటికి ఎవరూ ఖర్చుకు వెనకాడడం లేదు. గట్టు మీదికి చీమకుర్తి బ్లాక్ గెలాక్సీ గ్రానైటో కరీంనగర్ టాన్ బ్రౌన్ గ్రానైటో తెప్పిస్తున్నారు. గోడకు ఖరీదైన డాడో టైల్స్, కింద మాడ్యులర్ అరలు సరేసరి. అయితే గట్టు బండ వెనక అంచు గోడ టైల్‌ను కలిసే సన్నని సందు దగ్గరికి వచ్చేసరికి, మేస్త్రీ గుప్పెడు వైట్ సిమెంట్ తడిపి, వేలితో రుద్ది, గుడ్డతో తుడిచి వెళ్లిపోతున్నాడు. కొన్నాళ్లకే అక్కడ వెంట్రుకవాసి పగులు వస్తుంది. అరలు ఉబ్బడానికి, బొద్దింకలు చేరడానికి, గోడ అవతలి పక్క పెయింట్ పొక్కులు లేవడానికి చాలా ఇళ్లలో మూలం ఆ పగులే. వంటింటి పనులతో నిత్యం సంబంధం ఉన్నవాళ్లుగా దీని గురించి కాస్త వివరంగా చెప్పాలని ఈ ఉత్తరం రాస్తున్నాం.

ముందు పగులు ఎందుకొస్తుందో చూద్దాం. గట్టు, గోడ రెండూ ఒక్కలా కదలవు. గట్టు బండ కడప బండల మీదో, ఇటుక దిమ్మెల మీదో, ప్లైవుడ్ అరల మీదో కూర్చుంటుంది. గోడ మాత్రం బిల్డింగ్‌తో కలిసి ఉంటుంది. పెద్ద సింకు నిండితే 40 కిలోల పైచిలుకు బరువు బండ మీద పడుతుంది, ఖాళీ అయితే దిగిపోతుంది. గట్టు మీదే అల్లం వెల్లుల్లి దంచుతాం, గ్రైండర్ తిప్పుతాం, అటక మీది డబ్బా అందకపోతే గట్టెక్కి నిలబడతాం. పొయ్యి పక్క బండ వేడెక్కుతుంది. 3 మీటర్ల గ్రానైట్ 30 డిగ్రీలు వేడెక్కితే సుమారు ముప్పావు మిల్లీమీటరు సాగుతుంది. వెనక గోడ అంత వేడెక్కదు కాబట్టి అంత సాగదు. వీటికి తోడు కొత్త ఇంట్లో ప్లాస్టరింగ్ ఆరుతూ కొంత ముడుచుకుంటుంది. ఇన్ని కదలికల మధ్య గట్టిపడిపోయే పదార్థం ఏది పెట్టినా ఎక్కడో ఒకచోట వదిలేస్తుంది. అందులోనూ వైట్ సిమెంట్ ఆరేటప్పుడు తనంతట తానే ముడుచుకుంటుంది. అంటే మేస్త్రీ ఇంటికి వెళ్లేలోపే సగం పగులు మొదలైనట్టే.

దీనికి మన అలవాటు కూడా తోడవుతుంది. మన ఇళ్లలో గట్టును తడిగుడ్డతో తుడిచి వదిలేయరు, నీళ్లు పోసి కడుగుతారు. పండగకు ముందైతే బకెట్లతో కడుగుతారు. అది మంచి అలవాటే, మానమని ఎవరూ చెప్పక్కర్లేదు. కానీ ఆ నీళ్లలో కొంత వెనక సందులోకి దిగి, టైల్ వెనక ప్లాస్టరింగ్‌లోకి ఇంకుతుంది. బోరు నీళ్లయితే వాటిలోని లవణాలు, సిమెంట్‌లోని లవణాలు కలిసి తేమతో పాటు పైకొచ్చి, సందు వెంబడి తెల్లని పొడిలా పేరుకుంటాయి. వేలితో తుడిస్తే పోతుంది, వారం తిరిగేసరికి మళ్లీ వస్తుంది. ఆ పొడి కనబడిందంటే నీళ్లు లోపలికి చేరాయనే లెక్క. సింకు వెనకభాగం మరీ సున్నితం. అక్కడ సింకుకూ గోడకూ మధ్య బండ రెండు మూడు అంగుళాలే ఉంటుంది, పైనుంచి కుళాయి చుక్కలు నిత్యం పడుతూనే ఉంటాయి. కింద ఉన్నది మామూలు పార్టికల్ బోర్డు అయితే తడికి పొంగి, అంచుల్లో లామినేట్ విడిపోతుంది. ఐఎస్ 710 మార్కు మెరైన్ ప్లై ఇంకొన్నాళ్లు ఓర్చుకుంటుంది. అయినా ఏ చెక్కా ఎప్పటికీ తడిలో ఉండడానికి చేసింది కాదు.

పగులు కనబడగానే చాలామంది చేసే మరమ్మతులు పరిస్థితిని ఇంకా చెడగొడతాయి. వైట్ సిమెంట్‌లో చెక్కపనికి వాడే తెల్ల జిగురు కలిపి పూస్తారు. ఆ జిగురు తడి తగిలితే మళ్లీ మెత్తబడుతుంది. రెండు ముద్దలు పిసికి కలిపే ఎపాక్సీ పెడతారు. అది రాయిలా బిగుస్తుంది కాబట్టి దాని పక్కనే కొత్త పగులు పుడుతుంది. ఖరీదైన పనిగా చెప్పి ఎపాక్సీ గ్రౌట్ నింపే కాంట్రాక్టర్లూ ఉన్నారు. టైల్‌కూ టైల్‌కూ మధ్య ఎపాక్సీ గ్రౌట్ చాలా మంచిది, అక్కడ దానికే మా ఓటు. గట్టు, గోడ కలిసే మూలలో మాత్రం అదీ సాగదు. పెయింటర్లు వాడే అక్రిలిక్ సీలెంట్ ఆరేకొద్దీ కుంచించుకుపోతుంది, తడికి నిలవదు. అన్నిటికంటే పెద్ద పొరపాటు, పగిలిన వైట్ సిమెంట్ మీదే సిలికాన్ పూయడం. కింద పొర ఊడినప్పుడు పైపొర కూడా దానితోపాటే ఊడుతుంది.

ఇక్కడ ఉండాల్సింది ఆరాక కూడా రబ్బరులా సాగే సిలికాన్ సీలెంటే. అదీ ఆరేటప్పుడు ఆమ్లం వదలని న్యూట్రల్ క్యూర్ రకం, బూజును అడ్డుకునే శానిటరీ గ్రేడు. షాపులో చవకగా దొరికే మామూలు సిలికాన్ ట్యూబు చాలావరకు అసిటిక్ రకం. మూత తీయగానే వెనిగర్ వాసన ఘాటుగా కొడుతుంది. అది ఆరేటప్పుడు ఎసిటిక్ ఆమ్లం విడుదలవుతుంది. పాలరాయి లాంటి సున్నపు రాళ్లను ఆ ఆమ్లం తింటుంది. సిమెంట్ ప్లాస్టరింగ్ క్షారగుణం గలది కాబట్టి దానితోనూ చర్య జరిపి పట్టు సడలిస్తుంది. ఇత్తడి, రాగి భాగాలు దగ్గర్లో ఉంటే వాటికీ చిలుము పడుతుంది. కాబట్టి గట్టు గ్రానైట్ అయినా, పాలరాయి అయినా, క్వార్ట్జ్ అయినా న్యూట్రల్ రకమే అడగండి. ట్యూబు మీద సహజ రాయికి పనికొస్తుందని, మరక పడనివ్వదని రాసి ఉంటే ఇంకా మేలు. మామూలు సిలికాన్‌లోని నూనె పదార్థం లేతరంగు రాయిలోకి ఇంకి, సందు పొడవునా నూనె కారినట్టు ముదురు గీత మిగులుస్తుంది. ఆ గీతను తీయడం దాదాపు అసాధ్యం. కాశ్మీర్ వైట్ లాంటి తెల్లని గ్రానైట్ ఉన్నవాళ్లు, బండ కోసినప్పుడు మిగిలిన ముక్క మీద శనగగింజంత సిలికాన్ పెట్టి వారం ఆగి చూసుకోవాలి. చిక్కటి నల్ల గ్రానైట్‌కు ఈ బెడద తక్కువ.

రంగు విషయానికొస్తే, తెలుపు వద్దు. మన వంటింట్లో పసుపు ఉంటుంది, నూనె చిటపటలు ఉంటాయి. తెల్ల సిలికాన్ నెల తిరక్కుండా పచ్చబడుతుంది. బండ రంగుకు దగ్గరగా ఉండే నలుపు గానీ ముదురు బూడిదరంగు గానీ ఎంచుకోండి. రంగులేని రకం పెడితే లోపల మిగిలిన సిమెంట్ మరక, దుమ్ము అద్దంలోంచి చూసినట్టు కనబడతాయి.

ఒక ట్యూబులో 280 లేదా 300 మిల్లీలీటర్లు ఉంటాయి. సందు 5 మిల్లీమీటర్ల వెడల్పు, 5 మిల్లీమీటర్ల లోతు ఉంటే మీటరుకు 25 మిల్లీలీటర్లు పడుతుంది. అంటే 300 మిల్లీలీటర్ల ట్యూబుతో 12 మీటర్లు. 10 అడుగులు, 7 అడుగుల ఎల్ ఆకారపు గట్టుకు సందు పొడవు 5 మీటర్ల పైచిలుకే. మూలలో రెండు గోడల టైల్స్ కలిసే నిలువు సందు కలుపుకున్నా ఒక్క ట్యూబు సరిపోయి మిగులుతుంది. రాణిగంజ్‌లో కొన్నా, మీ వీధి హార్డ్‌వేర్ షాపులో కొన్నా ట్యూబు మీద తయారీ తేదీ, గడువు తేదీ తప్పకుండా చూడండి. గడువు దాటిన సిలికాన్ పైకి బాగానే ఉన్నట్టు కనబడుతుంది గానీ ఎన్నాళ్లయినా గట్టిపడదు, జిగటగా ఉండిపోతుంది. అలా జరిగితే దాన్ని గీకి తీయడం కొత్తగా పూయడం కంటే పదింతల పని.

ఇక పని మొదలుపెట్టే ముందు లోపల తడి ఉందో లేదో తేల్చుకోవాలి. తడిని లోపలే ఉంచి సందు మూసేస్తే అది ఎటూ పోలేక గోడ అవతలి వైపు తేలుతుంది. ఆ గోడలో పైపు ఉంటే ముందు దాని లీకేజీ చూడాలి. పాత పూరకం తీసేశాక రెండు రోజులు గట్టు కడగకుండా, ఫ్యాన్ పెట్టి ఆరనివ్వాలి. తర్వాత మడిచిన టిష్యూ కాగితాన్ని సందులో దూర్చి పది నిమిషాలు ఉంచి తీస్తే తడి ఉందో లేదో తెలుస్తుంది. వానాకాలంలో ఇంకో రెండు రోజులు ఎక్కువ పట్టవచ్చు. సిలికాన్ గాలిలోని తేమను తీసుకునే గట్టిపడుతుంది కాబట్టి గాలిలో తేమ ఉంటే నష్టం లేదు. గోడ తడిగా ఉంటేనే నష్టం. టైల్‌ను వేలి కణుపుతో తట్టి చూడండి. అడుగు వరుస అంతా డొల్ల శబ్దం వస్తుంటే ముందు ఆ టైల్స్ సంగతి చూడాలి.

పాత వైట్ సిమెంట్ తీయడానికి సుత్తి, ఉలి పట్టుకోకండి. ఒక్క దెబ్బకు గ్రానైట్ అంచు పెచ్చు లేస్తుంది. చేత్తో గీకే గ్రౌట్ రంపం గానీ, అటూ ఇటూ ఆడే మల్టీ టూల్ బ్లేడు గానీ వాడి, కనీసం 5, 6 మిల్లీమీటర్ల లోతు వరకు తీయాలి. పాత సిలికాన్ ఉంటే పైన ఒక గాటు, కింద ఒక గాటు కట్టర్‌తో పెట్టి పట్టీలా లాగేయాలి. మిగిలిన పొరను ప్లాస్టిక్ గీకుడుపట్టీతో తీయాలి. ఇక్కడ బద్ధకం పనికిరాదు, కొత్త సిలికాన్ పాత సిలికాన్‌కు సరిగా అంటుకోదు. వేలు పెట్టి రుద్దితే నున్నగా జారే చోటు ఎక్కడైనా మిగిలితే అక్కడే మొదట ఊడుతుంది. తర్వాత దుమ్మును వాక్యూమ్‌తోనో కుంచెతోనో తీసి, తెల్లని గుడ్డ మీద ఐసోప్రొపైల్ ఆల్కహాల్ వేసి రెండు అంచులూ తుడవాలి. గుడ్డకు మడ్డి అంటకుండా వచ్చేదాకా గుడ్డ మారుస్తూ తుడవాలి. పొయ్యి వెనక నూనె పొర కంటికి కనబడకపోయినా ఉంటుంది. గ్రానైట్ షాపువాళ్లు మెరుపు కోసం రాసిన మైనం కూడా పట్టును చెడగొడుతుంది. కిరోసిన్‌తో తుడిస్తే మళ్లీ నూనె పొరే మిగులుతుంది. బాత్రూం యాసిడ్ అసలే వద్దు, అది రాయి మెరుపును పోగొట్టి తుప్పు రంగు మరకలు తెస్తుంది. రాయికి పూసే ద్రవ సీలర్ ఏదైనా వేయాలనుకుంటే ఈ సందు పని ముగిసి, సిలికాన్ పూర్తిగా ఆరాకే వేయండి.

సందు లోతుగా ఉంటే దాన్నంతా సిలికాన్‌తో నింపకూడదు. సిలికాన్ పై అంచుకు, కింది అంచుకు మాత్రమే అంటుకోవాలి. వెనక గోడకు కూడా అంటుకుంటే మూడు వైపులా పట్టు పడుతుంది, అప్పుడు సాగడానికి చోటుండదు. గట్టు కాస్త దిగగానే ఏదో ఒక అంచున చిరుగుతుంది. అందుకే వెనకాల ఫోమ్ తాడు పెట్టాలి. దాన్ని బ్యాకర్ రాడ్ అంటారు. సందు కంటే కనీసం పావు వంతు లావుగా ఉండాలి, 6 మిల్లీమీటర్ల సందుకు 8 మిల్లీమీటర్ల తాడు. మామూలు హార్డ్‌వేర్ షాపులో దొరక్కపోతే అల్యూమినియం కిటికీలు, అద్దాల పని చేసేవాళ్ల దగ్గర దొరుకుతుంది. మొన లేని పుల్లతో నెట్టి, పైన సుమారు 5 మిల్లీమీటర్ల లోతు ఖాళీ ఉండేలా కూర్చోబెట్టాలి. తాడు పట్టనంత పల్చని సందైతే వెనకాల సన్నని పాలిథిన్ టేపు అంటించినా చాలు.

తర్వాత మాస్కింగ్ టేపు. సందుకు పైన టైల్ మీద, కింద బండ మీద, అంచు నుంచి 2 మిల్లీమీటర్ల దూరంలో తిన్నగా అంటించాలి. ట్యూబు ముక్కును 45 డిగ్రీల ఏటవాలుగా, రంధ్రం సందు వెడల్పుకు మించకుండా కోయాలి. ముక్కు పెద్దగా కోస్తేనే గట్టంతా పూసుకుపోయేది. మూల నుంచి మొదలుపెట్టి, ట్యూబు బిగించిన సీలెంట్ గన్ను ఒకే వేగంతో నడుపుతూ, సిలికాన్ లోపలి తాడును తాకేలా పెట్టాలి. పైపైన గీత గీసినట్టు పెడితే గోరుతో లాగినా వచ్చేస్తుంది. ఒకసారికి మీటరున్నర చాలు. సబ్బు నీళ్లలో ముంచిన వేలితోనో గుండ్రటి ప్లాస్టిక్ ముక్కతోనో ఒక్క ఊపులో నున్నగా లాగాలి. సబ్బు నీళ్లు తడి ఆనే మటుకే, ధారగా కారితే ముందున్న ఖాళీ సందులోకి చేరి అక్కడ పట్టు పోతుంది. పొర కట్టేలోపే, అంటే 5 నుంచి 10 నిమిషాల్లో, టేపును ఏటవాలుగా లాగేయాలి. ఆలస్యమైతే టేపుతో పాటు అంచు లేచి చిరుగులు పడుతుంది. మిగిలిందాన్ని పొడి కాగితంతో తుడవండి. కిటికీ తెరిచి ఎగ్జాస్ట్ ఫ్యాన్ వేసుకోండి.

ఈ పనికి రాత్రి వంట ముగిశాక కూర్చోవడం మంచిది. 24 గంటలు నీళ్లు తగలనివ్వకూడదు. సిలికాన్ పైనుంచి లోపలికి రోజుకు 2, 3 మిల్లీమీటర్ల చొప్పున గట్టిపడుతుంది, లోపలికి పోయేకొద్దీ ఇంకా నెమ్మదిస్తుంది. కాబట్టి మూడు రోజుల దాకా ఆ సందును పీచుతో రుద్దకండి, గట్టు మీద దంచకండి.

కొత్తగా గట్టు కట్టించుకునేవాళ్లకు పని ఇంకా తేలిక. మన దగ్గర ఎక్కువగా బండను గోడలోకి కొద్దిగా దూర్చి బిగించాక, దాని మీద డాడో టైల్స్ మొదలుపెడతారు. మేస్త్రీ అడుగు వరుస టైల్‌ను నేరుగా బండ మీద కూర్చోబెడతాడు. సందే లేకపోతే సిలికాన్ పట్టే చోటే ఉండదు. 3 మిల్లీమీటర్ల స్పేసర్లు, అంటే సందు నిలిపే చిన్న ముక్కలు పెట్టి టైల్ వేయమని, జిగురు పట్టాక స్పేసర్లు తీసేయమని, ఆ సందులోకి సిమెంట్ దిగితే అదే రోజు గీకి శుభ్రం చేయమని ముందే చెప్పాలి. అప్పుడు ఐదు నిమిషాల పని, తర్వాత అయితే ఒక పూట. గోడకు నాలుగంగుళాల గ్రానైట్ పట్టీ పెట్టించుకునేవాళ్లకు రెండు సందులు ఉంటాయి, పట్టీ కింద ఒకటి, పైన ఒకటి. పట్టీ కింది సందును తప్పకుండా సిలికాన్‌తోనే మూయాలి.

అన్నీ సరిగా చేసినా కొన్ని నెలల్లోనే సందు మళ్లీ విచ్చుకుంటే తప్పు సిలికాన్‌ది కాదు. బండ కింద ఆధారం కుంగుతోంది. అరల అడుగు కాళ్లు, సింకు పక్క దిమ్మె చూడాలి. సందు 12 మిల్లీమీటర్లు దాటితే సిలికాన్‌తో కప్పిపుచ్చకుండా ముందు ఆధారం సరిచేయించాలి. మామూలుగా అయితే ఏటా వానలకు ముందు ఒకసారి సందు పొడవునా గోరు ఆనించి చూస్తే చాలు. పైన నల్లచుక్కలు ఉంటే తుడిస్తే పోతాయి. పొర కింద నలుపు కనబడితే నీళ్లు దూరాయని అర్థం, ఆ భాగం కోసి కొత్తగా వేయాలి.

ఇక బిల్డర్లకు, కొనేవాళ్లకు ఒక మాట. 2016 నాటి రియల్ ఎస్టేట్ నియంత్రణ చట్టం (రెరా) సెక్షన్ 14(3) ప్రకారం, ఫ్లాట్ అప్పగించిన నాటి నుంచి ఐదేళ్లలోపు పనితనంలో లోపం చూపిస్తే, 30 రోజుల్లో ఉచితంగా సరిచేయాల్సిన బాధ్యత ప్రమోటర్‌ది, అంటే బిల్డర్‌ది. గట్టు, డాడో బిల్డరే చేయించి ఇచ్చిన చోట ఆ సందులోంచి తడి దిగుతుంటే ఫొటోలు తీసి, రాతపూర్వకంగా తెలియజేయండి. ఫోన్‌లో చెప్పి ఊరుకోకండి. మేస్త్రీలకు శిక్షణ ఇస్తున్న నేషనల్ అకాడమీ ఆఫ్ కన్‌స్ట్రక్షన్ (న్యాక్) లాంటి సంస్థలు టైల్స్ పని నేర్పేటప్పుడు ఈ మూల సందును కూడా చేయించి చూపిస్తే నగరంలో ఎన్నో వంటిళ్లు బాగుపడతాయి. కొనేవాళ్లు పని ఒప్పుకునే ముందు ఒప్పంద కాగితంలో ఈ వాక్యం రాయించుకోవాలని మా విన్నపం: "గట్టు బండకూ గోడ టైల్స్‌కూ మధ్య 3 మిల్లీమీటర్ల సందు వదిలి, సిమెంట్ గానీ గ్రౌట్ గానీ నింపకుండా, న్యూట్రల్ క్యూర్ శానిటరీ సిలికాన్‌తో మూయాలి."

ఇట్లు,
వంటింటి నిర్మాణ పనులు చూసే కొందరు పాఠకులు,
హైదరాబాద్